ఊరి లెక్క – ఊరి ఆరోగ్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



నేను వైద్యుడను గాను. ఈ గ్రామమున లెక్కలు వ్రాయువాడను. ఏండ్ల తరబడి కూర్చుండి వ్రాయుటయే నా వృత్తి. నాకు మధుమేహము వచ్చుటకు ఆ కూర్చుండుటయు నొక కారణమని వైద్యులు చెప్పిరి. నాటినుండి ఆ వ్యాధిని గూర్చి ఈ గ్రంథాలయమున చిక్కిన పుస్తకములన్నియు చదువుచుంటిని. చరకుడు సుఖాసనమును, అతినిద్రను, పెరుగును, బెల్లపు వంటకములను ప్రమేహ హేతువులలో చేర్చెను. సుశ్రుతుడు రోగిని బహుదూరము నడువుమనియు, నూయి త్రవ్వుమనియు విధించెను. నూయి త్రవ్వినవానికి చెమట పట్టును. నీరు మాత్రము ఊరందఱికిని దక్కును. అట్టి నూతిని ఊరివారందఱు కలిసి త్రవ్విన వృత్తాంత మొకటి మీకు మనవి చేయుదును.

కెనడా దేశమున, మాంట్రియల్ నగరమున కెదురుగా, సెయింట్ లారెన్సు నది దక్షిణతీరమున కానావాకే యను ఊరు కలదు. అది మొహాక్ అను ఆదివాసి జాతివారిది. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి – ఈ మూడింటిని వారు అక్కచెల్లెండ్రుగా భావింతురు. ఓడల కాలువ కొఱకు ప్రభుత్వము వారి తీరభూములను గైకొనెను. 1959లో ఆ కాలువ తెరువబడెను. తాము చేపలు పట్టిన నది, తమ పిల్లలు ఈదులాడిన నది ఊరికి దూరమయ్యెను.

1985లో అచ్చటి వైద్యులు లూయీ మోంటూర్, ఆన్ మెకాలే అనువారు రోగుల కవిలెలు పరిశీలించిరి. 45 మొదలు 64 ఏండ్ల వయస్సువారిలో నూటికి 12 మందికి మధుమేహము కలదని తేలెను. అదే వయస్సుగల ఇతర ప్రజలలో కనబడుదానికి ఇది రెట్టింపు. సాధారణముగా ఇట్టి లెక్క పైకార్యాలయమునకు పోయి బీరువాలో పడియుండును. నేను వ్రాసిన లెక్కలన్నియు నట్లే పోయినవి. ఆ వైద్యులు మాత్రము లెక్కను ఊరివారి యెదుట పెట్టిరి. విన్న పెద్దలు, పిల్లలకైన నీ వ్యాధి రాకుండ ఏదైన చేయవలసినదని కోరిరి.

ఆ కోరిక ఫలముగా 1994లో బడిపిల్లల మధుమేహ నివారణ పథకము మొదలయ్యెను. ప్రాథమిక పాఠశాలల పాఠములలో ఆహారము, వ్యాయామము, వ్యాధి తత్త్వము చేరినవి. బడిలో తినదగినవి, తినరానివి యేవో నియమ మేర్పడినది. ఊరివారు నడచుటకు బాట వేసికొనిరి. పథకమునకు దారి చూపినది ఊరివారి సలహాసంఘము; విశ్వవిద్యాలయ పండితులు భాగస్వాములు. వారి నడుమ నీతినియమావళి యొకటి వ్రాతలో నేర్పడెను. సేకరించిన లెక్క ఊరివారి సొత్తు. ఫలితములను ముందు ఊరికి చెప్పి, పిదపనే లోకమునకు ప్రకటింపవలెను. ఇది అందలి ప్రాణము.

ఫలితమేమని మీరడుగవచ్చును. లెక్కలు వ్రాయువాడు జమను మాత్రము చదివి, ఖర్చును మింగరాదు. 1994 – 2002 మధ్య పిల్లలు కొవ్వును, చక్కెరయు మెండుగా గల తినుబండములను కొంత తగ్గించిరి. కాని వారి శరీరభారము తగ్గకపోగా పెరిగినది. వ్యాయామమున మొదట కనబడిన వృద్ధి తుదివఱకు నిలువలేదు. ఈ నష్టపు పద్దును దాచక 2005లో ప్రకటించిరి. పథకమును మాత్రము విడువలేదు. రాబోవు ఏడవతరమును తలచి నిర్ణయము చేయవలెనను సంప్రదాయము గలవారికి ఎనిమిదేండ్లు స్వల్పకాలమే కదా!

సోదరులారా! మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఈ అరుగుపై దేశవార్తలన్నియు చదివితిమి. మన ఊరి వార్త చదువలేదు. ఇకమీదట ఏట నొకమారు మన ఊరి ఆరోగ్యపు లెక్కను, పేర్లు విడిచి అంకెలు మాత్రము, ఇచ్చటనే బిగ్గరగా చదువుదము. విన్నపిదప ఏమి చేయవలెనో ఊరే నిర్ణయించును.

ఆ లెక్కలో మొదటి పద్దు నాది. దానికి మాత్రము పేరు దాచనక్కఱలేదు.