ఇటలీ ఫిడేలు మనదెలా అయింది?

టెక్కలి, పలాస, ఉద్దానం ఊళ్లలో హరికథ చూసుంటే ఈ సీన్ మీకు తెలుసు. మధ్యలో చిడతలతో దాసుగారు, ఒక పక్క మృదంగం, ఇంకో పక్క హార్మోనియమో ఫిడేలో. ఆ ఫిడేలు మన పాతకాలం వాయిద్యమే అనుకుంటాం. కాదు, అది ఇటలీ నుంచి వచ్చింది. మరి మనదెలా అయింది? ఈరోజు అదే చూద్దాం.

వయొలిన్ 1500ల మొదట్లో ఉత్తర ఇటలీలో పుట్టింది. దానికి ఇప్పటి రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు క్రెమోనా ఊరి ఆండ్రియా అమాటి. తర్వాత అదే ఊళ్లో స్ట్రాడివారి వచ్చాడు. ఆయన చేసిన వయొలిన్లు ఇప్పుడు కోట్లు పలుకుతున్నాయి. ఆ తర్వాత యూరప్‌లో పెద్ద పెద్ద హాళ్లు కట్టారు. చివరి సీటు దాకా వినపడాలి కదా! అందుకని మెడ పొడుగు చేసి వెనక్కి వంచారు, తీగల బిగువు పెంచారు. పాత స్ట్రాడివారీలకి కూడా మెడలు మార్చేశారు.

ఇక మన దగ్గరికి వద్దాం. 1800ల మొదట్లో ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ మద్రాసులో యూరోపియన్ల దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన ఘనత ఆయనకే ఇస్తారు.

ఇక్కడే అసలు విషయం. మనవాళ్లు హార్డ్‌వేర్ ముట్టుకోలేదు, సెట్టింగ్స్ మార్చారు. వాళ్లు గడ్డం కింద పెట్టి వాయిస్తారు. మనవాళ్లు నేల మీద కూర్చుని, వయొలిన్ తలని కుడి పాదం మీద ఆనించారు. దాంతో ఎడమ చేతికి బరువు మొయ్యాల్సిన పని తప్పింది, వేళ్లు తీగ మీద హాయిగా జారతాయి. వీణకున్నట్టు మెట్లు లేవు, హార్మోనియంకున్నట్టు మీటలు లేవు. కాబట్టి గొంతులో పలికే గమకం అలాగే పలుకుతుంది. నాలుగు తీగల్నీ స, ప, స, ప అని పాడేవాళ్ల శ్రుతికి కలుపుకున్నారు. అంతే, ఇటలీ పెట్టె త్యాగరాజ కృతి పాడింది!

ఇదంతా తమిళనాడు కథ అనుకోకండి. పలాసలో రైలెక్కితే శ్రీకాకుళం రోడ్ తర్వాత విజయనగరం. అక్కడ 1919లో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. చూపు సరిగ్గా లేని ద్వారం వెంకటస్వామి నాయుడు 26 ఏళ్లకే అక్కడ వయొలిన్ అధ్యాపకుడయ్యారు. విద్యార్థిగా చేరదామని వెళ్తే, వాయించింది విని పాఠం చెప్పమన్నారని అంటారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్. 1941లో సంగీత కళానిధి. అప్పటిదాకా ఎక్కువగా పాటకి పక్కవాద్యంగా ఉన్న ఫిడేలుతో సోలో కచేరీలు చేసి, జనాన్ని కూర్చోబెట్టారు.

ఆ కాలేజీ ఇప్పటికీ ఉంది. మన జిల్లా పిల్లలు సంగీతం అంటే చెన్నైయే వెళ్లాలనుకోనక్కర్లేదు. ఈసారి మీ ఊళ్లో ఫిడేలు కనిపిస్తే ముందు వరసలో కూర్చోండి. కమాను కాదు, ఆ ఎడమ చెయ్యి చూడండి. ఫిడేలు మనదయింది అక్కడే.