ఓటు అమానత్: ఎన్నికల ఖర్చు లెక్క అడుగుదాం
(ఓటర్ల అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పల్నాటి మిర్చి పొలాల నుండి ప్రకాశం పత్తి చేల వరకు మనం ఏటా చూస్తున్న సంగతి ఒకటుంది. విత్తనాలకూ పురుగుమందులకూ కమీషన్ వ్యాపారి వద్ద అప్పు చేసిన కౌలు రైతు, పంట చేతికి వచ్చాక గుంటూరు యార్డులో ఆ వ్యాపారి కొట్టులోనే టిక్కీలు దించక తప్పదు. ధర నచ్చకపోయినా నోరు మెదపలేడు. పెట్టుబడి ఎవరిదో పంటపై పెత్తనం వారిదే. ఎన్నికల్లోనూ ఇంతే. అందుకే అభ్యర్థిని మనం ముందుగా అడగవలసిన ప్రశ్న: మీ ఎన్నికకు పెట్టుబడి ఎవరిది?

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2022లో సవరించిన పరిమితి ప్రకారం మన రాష్ట్రంలో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల రూపాయలు, శాసనసభ అభ్యర్థి 40 లక్షల రూపాయలు మించి ఖర్చు చేయరాదు. కానీ పార్టీ చేసే ఖర్చుకు పరిమితి లేదు. గండి ఇక్కడే ఉంది. పార్టీలకు చందాలిచ్చినవారి పేర్లను మరుగుపరచిన ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసింది. పార్టీల నిధుల గురించి తెలుసుకోవడం ఓటరు హక్కు అని ఆ తీర్పు స్పష్టం చేసింది.

2024లో గుంటూరు నుండి లోక్‌సభకు గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్ ప్రమాణపత్రంలో చూపిన కుటుంబ ఆస్తులు 5,700 కోట్ల రూపాయలకు పైబడినవి. సంపద ఉండటం నేరం కాదు, దానిని ప్రకటించడం చట్టబద్ధమైన బాధ్యత. మన ఆవేదన వేరు. 1991లో ఇదే గుంటూరులో లాల్‌జాన్ బాషా ఆచార్య ఎన్.జి. రంగాపై గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు. నేడు ఒక దూదేకుల కార్మికుని కుమారుడు టిక్కెట్టు అడిగితే, "ఎంత పెట్టగలవు?" అన్న ప్రశ్నే ముందుగా ఎదురైతే, మన ప్రాతినిధ్యం మాటేమిటి?

ఇక మన వైపు తప్పును కూడా చెప్పుకోవాలి. ఓటుకు రెండు వేలు తీసుకుంటే, అయిదేళ్లకు రోజుకు సుమారు ఒక రూపాయి పది పైసలు. అంతకే మన రోడ్డునూ, ఉర్దూ పాఠశాల ఉపాధ్యాయుణ్ణీ, వక్ఫ్ భూమినీ అడిగే నోరు మూతపడుతుంది. భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ప్రకారం ఇచ్చినవారే కాదు, పుచ్చుకున్నవారూ నేరస్థులే. రిష్వత్ విషయంలో మన దీన్ కూడా ఇద్దరినీ దోషులుగానే చూస్తుంది. పోలింగ్‌కు ముందు ఈద్గా ప్రహరీకి, మసీదు మైకుకు వచ్చే "విరాళాన్ని" కూడా ఇదే తూకంలో తూచాలి. నలుగురు పెద్దలు మాట ఇచ్చినంత మాత్రాన మొహల్లా ఓట్లన్నీ వారివి కావు. ప్రతి ఓటూ ఆ ఓటరు చేతిలోని అమానత్.

"ఎన్నికల మేనేజ్‌మెంట్" అనే మాట ఇప్పుడు తరచుగా వింటున్నాం. సర్వేలు, ఫోన్ సందేశాలు, బూత్ లెక్కలు ఇందులో భాగం. ఓటర్ల జాబితా కూడా ఈ లెక్కలకు లక్ష్యమవుతుంది. పర్చూరు నియోజకవర్గంలో పేర్ల తొలగింపు కోరుతూ ఫారం 7 దరఖాస్తులు మూకుమ్మడిగా దాఖలవడం 2024 ఎన్నికలకు ముందు పెద్ద వివాదమైంది. కూలికి వలస వెళ్లే మన కుటుంబాలకు ఈ ప్రమాదం మరింత దగ్గరిది.

మరి మనం చేయవలసినదేమిటి? జాబితాలో ఇంటిల్లిపాది పేర్లనూ పరిశీలించుకుందాం. అభ్యర్థి ప్రమాణపత్రాన్ని జుమా తరువాత నలుగురికీ చదివి వినిపిద్దాం. డబ్బు పంపిణీ కంటబడితే సీ-విజిల్ యాప్ ద్వారా ఫిర్యాదు చేద్దాం. ఫలితం వెలువడిన 30 రోజులలోగా ప్రతి అభ్యర్థీ జిల్లా ఎన్నికల అధికారికి ఖర్చు లెక్క సమర్పించాలి. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం ఒక్క రూపాయి రుసుము చెల్లించి ఎవరైనా ఆ లెక్కను చూడవచ్చు. మన వీధిలో మనం చూసిన సభలు, వాహనాలు, భోజనాలు అందులో ఉన్నాయో లేవో సరిపోల్చుకుందాం.

ఓటు అమ్ముకుంటే రోజుకు దక్కేది రూపాయి చిల్లర. లెక్క అడగడానికి అయ్యేదీ ఒక్క రూపాయే. ఏ రూపాయి మన పిల్లలకు మేలు చేస్తుందో ఇంటింటా ఆలోచిద్దాం.

ఖుదా హాఫిజ్.