బడి విడిచిన యువజనులకు మరల చదువు
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగపాఠము)



ఈ మహాసభయందు విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని యాహ్వానసంఘమువారు నన్నాజ్ఞాపించిరి. విద్యయొక్క గొప్పతనమును గూర్చి మనము ప్రతిసంవత్సరమును వినుచునే యున్నాము. నేటి యుదయమున నీ వేదికపైననే, పరీక్షలయం దెక్కువ మార్కులు సంపాదించిన మన బాలబాలికలకు పతకము లొసగితిమి. అది మిగుల శ్లాఘ్యము. కాని పతకము మాట యటుండ, పరీక్షకే పోజాలని బిడ్డలును మన యిండ్లయందే యున్నారు. వారికొఱకు మన సభలలో నొక పూటయైనను కేటాయింపబడలేదు. నా కొసంగిన యీ కొలది కాలమును వారి పక్షమున వినియోగించుట కనుజ్ఞ వేడుచున్నాను.

వారెవరు? తండ్రి కంటిచూపు తగ్గినప్పుడు ఎనిమిదవ తరగతి విడిచి గుంటమగ్గములో దిగిన పెద్దకొడుకు. తల్లికి సాయముగా రాట్నమునొద్ద కండెలు చుట్టుచు బడి మానిన కూతురు. సాహుకారునొద్ద తెచ్చిన బయానా తీర్చుటకై భీవండికో, షోలాపురమునకో, సూరతుకో మరమగ్గముల పనికి పోయిన పదునైదేండ్ల బాలుడు. పదవ తరగతిలో గణిత మొక్కటి తప్పి, సిగ్గుచే మరల ఆ బడి గుమ్మము త్రొక్కని యువకుడు. వీరు చెడిపోయినవారు కారు. పెక్కిండ్లయందు వీరు చదువు మానుటచేతనే తమ్ములును చెల్లెండ్రును చదువుకొనిరి. నేడు మనము పతకము లిచ్చిన బిడ్డలలో కొందఱి ఫీజులు అట్టి యన్నల నాడెచప్పుడునుండియే వచ్చినవి. కావున వీరికి చేయు సాయము దానము కాదు; కులము తీర్పవలసిన ఋణము.

పంచమాలు బేరము లేక మగ్గము ఆగినప్పుడు, ఇరువదిరెండేండ్ల యువకుడు వేఱొక జీవనోపాధి వెదకబోయినచో, ఎచ్చట నడిగినను మొదటి ప్రశ్న యొక్కటియే: "పదవ తరగతి పత్రమున్నదా?" చేతిపనియందు వాని నేర్పెంతయైనను ఆ ప్రశ్నకు బదులు కాదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేదినుండి అమలునకు వచ్చి, ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల బిడ్డలకు ఉచితవిద్యను హక్కుగా నొసగినది. ఆ వయస్సు దాటినవారి చేయి పట్టుకొనువా రెవరు?

దారి లేకపోలేదు. దూరవిద్య ద్వారా చదివించు జాతీయ సార్వత్రిక పాఠశాల 1989లో స్వతంత్రసంస్థగా నేర్పడినది. 2002లో దాని పేరు జాతీయ సార్వత్రిక విద్యాపీఠమని మాఱినది. మన రాష్ట్రమున సార్వత్రిక పాఠశాలాసంఘము 1991లో వెలసినది. 2014లో రాష్ట్రవిభజనానంతరము తెలంగాణమునకు వేఱుగా నట్టి సంఘమే యేర్పడినది. వీనిలో పదునాలుగేండ్లు నిండిన యెవ్వరైనను పదవ తరగతికి సమానమైన పరీక్షకు చేరవచ్చును; పై వయస్సునకు హద్దు లేదు. ప్రతిదినమును బడికి పోనక్కఱలేదు. పుస్తకములు తెలుగున నున్నవి. ఐదు విషయములు చాలును. అన్నియు నొక్కసారిగా ఉత్తీర్ణులు కావలెనన్న నిర్బంధము లేదు. నెగ్గిన విషయము నెగ్గినట్లే నిలిచియుండును. జాతీయ విద్యాపీఠమున నైదేండ్ల గడువులో తొమ్మిది పర్యాయములు పరీక్ష వ్రాయుట కవకాశము గలదు. పూర్వము పదవ తరగతి తప్పినవారు తాము నెగ్గిన రెండు విషయముల వఱకు మార్కులను, నియమముల ననుసరించి, ఇచ్చటికి మార్చుకొనవచ్చును. మగ్గము కాలముతో పోటీపడు మనవంటివారికి ఇంతకన్న ననుకూలమైన పద్ధతి మఱియొకటి యుండునా?

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ పద్ధతిలో విషయములను మనమే యెంచుకొనవచ్చును. అందుచే ననేకులు గణితమునకు జడిసి దానిని విడిచిపెట్టుదురు. పత్రము చేతికి వచ్చును. కాని దానితో తెఱచుకొనవలసిన తలుపులు కొన్ని మూసికొనియే యుండును. పాలిటెక్నిక్కు ప్రవేశమునకు గణితము కావలయును. గ్రామీణ తపాలా సేవకుల యుద్యోగమునకు గణితమును, ఆంగ్లమును రెండును కావలయును. కావున సులభమని యేదో యొకటి యెంచుకొనక, ఎచ్చటికి పోదలచితిమో ముందుగా నిర్ణయించుకొని విషయములు గైకొనవలెను. మగ్గపు పనియందే పైకి రాదలచినవారికి వెంకటగిరిలో ప్రగడ కోటయ్యగారి పేర వెలసిన చేనేత సాంకేతిక విద్యాలయమున్నది. అందలి డిప్లొమాకును పదవ తరగతియే గడప.

"వయస్సు మీఱినవానికి చదువు పట్టుబడునా?" యని కొందఱు పెద్దలు సందేహింతురు. ఈ సందేహము మన దేశమున క్రొత్తది కాదు. సోమదేవుని కథాసరిత్సాగరమునందు సాతవాహన మహారాజు కథ యున్నది. జలక్రీడాసమయమున, నీటితో కొట్టవలదని రాణి సంస్కృతమున వేడగా, సంధి తెలియని రాజు ఆమె మోదకము లడిగినదని తలచి లడ్డూలు తెప్పించెను. రాణి నవ్వెను. ఆ యవమానముచే రాజు మంచము పట్టెను. వ్యాకరణము నేర్పుటకు ఆఱేండ్లు పట్టునని గుణాఢ్యుడనెను. ఆఱు మాసములలో నేర్పెదనని శర్వవర్మ పలికి నెఱవేర్చెను. అందులకై వెలసినదే కాతంత్రవ్యాకరణమని యైతిహ్యము. శర్వవర్మ చేసినదేమి? రాజును పసిపిల్లల సరసన కూర్చుండబెట్టలేదు. పెద్దవయస్సువానికి, రాజ్యభారము మోయువానికి, తగిన పొట్టిదారిని వేసెను. అవమానమే యారంభమైనది, తగిన పద్ధతి దానిని విద్యగా మార్చినది.

మన యువకులకును అట్టి దారియే వేయవలెను. వారికి తెలిసినదానినుండి తెలియనిదానికి కొనిపోవలెను. ఎనుబదవ నంబరు నూలనగా నేమి? పౌను తూకమునకు 80 చిలుపలు తూగు నూలు. చిలుప యొకటికి 840 గజములు. వెరసి పౌనుకు 67,200 గజములు. నంబరు పెరిగినకొలది చిలుప బరువు తఱుగును. ఇదియే పాఠ్యపుస్తకమున విలోమానుపాతము. చీరకెంత పడుగు, ఎంత పేక కావలెనో నోటిలెక్కగా చెప్పగలవాడు నల్లబల్లపై ఆ పేరు చూచి బెదరుచున్నాడు. వానికి గణితము రాదనుట సత్యము కాదు. గణితముయొక్క పరిభాష వానికి చెప్పినవారు లేరు, అంతియే.

మన యాడుబిడ్డల విషయమున మఱింత శ్రద్ధ యవసరము. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయమ్మగారు బాల్యమున ఆంగ్లబోధనపై కినిసి బడి విడిచిరి. దేశసేవలో చెఱసాలకు పోయిరి. పిదప స్వయముగా చదివి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను నెగ్గి, ఎం.ఏ.యును, న్యాయశాస్త్రమును చదివి, రాజ్యాంగపరిషత్తున సభ్యురాలైరి. తాము నడచిన దారిని ఇతరులకును వేయదలచి, మద్రాసున స్త్రీలను ఆ మెట్రిక్యులేషను పరీక్షకే సిద్ధపఱచు తరగతులు నడపిరి. 1937లో నెలకొన్న ఆంధ్రమహిళాసభ కవియే బీజములు. వారు కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి యధ్యక్షురాలుగా నున్నప్పుడే, 1958లో, వయోజనస్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమము దేశమంతట నారంభమైనది. పెండ్లియైన పిదప చదువేల యను మాటకు ఆమె జీవితమే సమాధానము.

ఇక నొక చేదుమాట. పరీక్షల కాలమున కొందఱు దళారులు బయలుదేఱి, "రొక్క మిచ్చిన చాలును; మేము చూచికొందుము" అని యూరించుదురు. అట్లు కొన్న పత్రము, అక్షరము రానివాని చేతిలో నప్పుపత్రము వంటిది. నౌకరిలో మొదటిదినముననే బయటపడును. 1997 నాటి చట్టముచే నది శిక్షార్హమైన నేరముకూడ. అంతకన్న ఘోరము, నిజముగా రాత్రులు మేల్కొని చదివినవాని పత్రముపైగూడ అనుమానపు మచ్చ పడును. మన సంఘమువారెవ్వరు నట్టివారికి వాకిలి చూపరాదు.

కావున ఈ మహాసభ పరిశీలనకై నా ప్రార్థన లివి. ఒకటి: ప్రతి గ్రామశాఖయు, పదునాలుగు మొదలు ముప్పదియేండ్లలోపున బడి విడిచినవారి పట్టిక, ఏ తరగతిలో విడిచిరో సహా, వ్రాయవలెను. రెండు: జన్మపత్రమునందును ఆధారు కార్డునందును పేర్లు వేఱువేఱుగా నుండి దరఖాస్తులు చిక్కుపడుచున్నవి, చదువుకొన్న మన యువకులు వీనిని సరిచేయించు పని చేపట్టవలెను. మూడు: పతకముల నిధికి సమానముగా ప్రవేశరుసుముల నిధి యొకటి యేర్పఱుపవలెను. 2016లో కేంద్ర జౌళిశాఖవారు జాతీయ సార్వత్రిక విద్యాపీఠముతో నొడంబడిక చేసికొని, చేనేత కుటుంబములయందలి స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని, దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికిని రుసుములో నూటికి 75 వంతులు తామే భరింతుమని ప్రకటించిరి. ఇప్పటి నియమములను అధ్యయనకేంద్రమున విచారించి దానిని పొందవలెను. నాలుగు: మార్కండేయస్వామివారి యాలయముల మండపములందు పురుషులకు రాత్రివేళ, స్త్రీలకు మధ్యాహ్నవేళ తరగతులు నడపవలెను. నావంటి విశ్రాంతోపాధ్యాయులు ప్రతి యూరను గలరు. మాకు జీతము వలదు, దీపమును నల్లబల్లయు చాలును. ఐదు: ఒక విషయము తప్పినవానిని విడిచిపెట్టక, తదుపరి పరీక్ష వఱకు వెంటనుండవలెను. చేరినవారి సంఖ్య గాక, నెగ్గినవారి సంఖ్యయే వచ్చు మహాసభలో చదువబడవలెను.

పోగు తెగినంతమాత్రమున పడుగును పాఱవేయువాడు సాలెవాడు కాడు. మగ్గమాపి, తెగిన కొనలు రెండును వెదకి, అతికి, మరల నాడె విసరును. అతుకు గట్టిగా నున్నచో బట్టలో నది కనబడదు. మన బిడ్డల చదువున తెగిన పోగుల నతుకుట మనకు చేతకాని పని కాదు. ఈ తీర్మానములను మీ రామోదింతురని నమ్ముచున్నాను.