పాత డైవింగ్ పరికరాలు – కొనే ముందు చూడవలసినవి
(స్కాలర్‌షిప్పుల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డైవింగ్ పరికరాలు బాగుచేసే పనిలో ఉన్నాను. కిందటి నెల ఒక తండ్రిగారు కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. "ఏమండీ, మావాడు తార్కర్లిలో డైవింగ్ నేర్చుకున్నాడు. ఎవరో పాత సెట్టు సగం ధరకే ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?" అని అడిగారు. నేత్రాణి, పుదుచ్చేరి, అండమాన్ వైపు మన పిల్లలు వెళుతున్న రోజులివి. అందుకే ఆయనకు చెప్పిన సమాధానమే మీ అందరికీ చెబుతాను.

ముందు నా పొరపాటు చెప్పాలి. పనిలో చేరిన కొత్తలో డబ్బు కలిసొస్తుందని ఒక పాత రెగ్యులేటర్ కొన్నాను. ఒడ్డున చక్కగా గాలి ఇచ్చింది. 12 మీటర్ల లోతుకు వెళ్ళేసరికి ప్రతి శ్వాసతోనూ ఉప్పునీరు గొంతులోకి వచ్చింది. తోటి డైవర్ తన రెండో మౌత్‌పీస్ అందించబట్టి నెమ్మదిగా పైకి రాగలిగాను. తరువాత విప్పి చూస్తే, లోపలి ఎగ్జాస్ట్ వాల్వు రబ్బరు గట్టిపడి వంకరపోయి ఉంది. ఖరీదు చూస్తే చాలా చిన్న వస్తువు!

దీన్ని పట్టుకునే పరీక్ష ఒకటుంది. సిలిండర్ తగిలించకుండా, మూత బిగించి, మౌత్‌పీస్ నుంచి గాలి పీల్చండి. గాలి వస్తే ఎక్కడో లీకు ఉన్నట్టే. రాకపోయినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. గాలి లోపలికి వెళ్ళేచోట ఉన్న చిన్న ఫిల్టరు చూడండి. పచ్చగా ఉంటే ఉప్పునీరు చేరింది. ఎర్రగా ఉంటే సిలిండర్ తుప్పు చేరింది. గొట్టాలను వంచి పగుళ్ళు వెతకండి. విడిభాగాలు దొరకని మోడల్ అయితే ఆశ వదులుకోండి.

ఇక సిలిండర్. అందులో గాలి దాదాపు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. భుజం మీద చివరి పరీక్ష తేదీ ముద్ర వేసి ఉంటుంది. నీటితో నింపి, పనిచేసే ఒత్తిడి కంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి, ఎంత ఉబ్బింది, తిరిగి ఎంత తగ్గింది అని కొలిచే పరీక్ష అది. మన దేశంలో పెసో అనుమతి ఉన్న కేంద్రంలోనే చేయించాలి. పైకి మెరిసే సిలిండర్ లోపల తుప్పు ఉండవచ్చు. ఆ తుప్పు మూసి ఉంచిన గాలిలోని ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. 1970, 80 దశకాల అల్యూమినియం సిలిండర్లలో 6351 అనే మిశ్రమంతో చేసినవి ఉన్నాయి. వాటి మెడ దగ్గర పగుళ్ళు రావచ్చు. అవి వద్దే వద్దు.

జాకెట్‌ను గాలితో నింపి రాత్రంతా ఉంచండి. తెల్లవారేసరికి మెత్తబడితే లీకు ఉంది.

ఆ తండ్రిగారి సెట్టులో సిలిండర్ మీద చివరి ముద్ర 2009 నాటిది. పరీక్ష, సర్వీసు, కొత్త గొట్టాల ఖర్చు కాగితం మీద కూడితే సగం ధర కాస్తా పూర్తి ధర అయింది. అబ్బాయి చిన్నబుచ్చుకున్నాడు. మాస్కు, ఫిన్స్ మాత్రం తీసుకోమన్నాను. మిగతావి డైవింగ్ కేంద్రంలో అద్దెకు తీసుకోవచ్చు. అక్కడ కూడా సర్వీసు తేదీ అడగడానికి మొహమాటపడకండి.

పాతదంతా పనికిరానిది కాదు, పరీక్షించనిదే పనికిరానిది. ఒడ్డున ఊపిరి ఆడింది కదా అని మాత్రం నీళ్ళలోకి దిగకండి. ఇంటి దగ్గర మీకోసం ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు.