ముల్లు పడిన మలుపు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నీ ఉద్యోగం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నా ఉద్యోగం ఇంజిన్లని విరగ్గొట్టడం. కొత్త ఇంజిను వస్తే దాన్ని టెస్ట్ బెడ్ మీద బిగించి, నిండు లోడుతో వందల గంటలు తిప్పి, ఏది ముందు పోతుందో రాసిపెడతాం. తగలేసినందుకు జీతమేమిటని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

బడి వెనక రైసుమిల్లులో ఉండే నల్ల ఆయిలింజను మీకు గుర్తుండాలి. ఒకటే సిలిండరు, మనిషెత్తు చక్రం. లెక్కల క్లాసులో లెక్కలు మానేసి దాని చప్పుడు లెక్కపెట్టేవాణ్ణి. నిమిషానికి నాలుగైదు వందల చుట్లకి మించి తిరిగేది కాదు. మా తాత రోజుల్లో పెట్టింది, నేను కాలేజీకి వెళ్లేదాకా నడిచింది. అంత ఇనుముతో అంత తక్కువ పని చేయించుకుంటే ఎందుకు నడవదు?

1991లో ఇంజనీరింగ్ అయ్యాక కోయంబత్తూరులో పనికి కుదిరాను. అద్దె ఇంటావిడ తెలుగులో పలకరిస్తే బిత్తరపోయాను. తరతరాలుగా అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు బోలెడు. జి.డి. నాయుడు గారు వాళ్లలో వారే. లక్ష్మీ మిల్స్ కుటుంబమూ అంతే. ఆ కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ గారు 1980ల చివర్లో మారుతి 800 ఇంజినుతో 'ఫార్ములా మారుతి' అనే ఒంటి సీటు రేసు కారు తయారు చేశారు. మామూలువాళ్లకి కూడా రేసు అందుబాటులోకి వచ్చింది దానితోనే. 2005లో ఫార్ములా వన్‌కి వెళ్లిన మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్ కూడా తొలి రోజుల్లో ఆ బండి నడిపినవాడే. 1995లో చిన్న విమానం కూలి కరివర్ధన్ గారు పోయారు. ఇప్పుడక్కడి రేస్ ట్రాక్‌కి ఆయన పేరే ఉంది.

నేనున్నది ఆయన దగ్గర కాదు, ఒక చిన్న షెడ్డులో. ఆ గాలి తగిలి ఊళ్లో చాలామందికి పట్టిన పిచ్చే మాకూ పట్టింది. ఒక మారుతి 800ని రేసుకి తయారు చేశాం. 796 సీసీ, మూడు సిలిండర్లు, నలభైకి లోపే హార్స్‌పవర్. హెడ్డు కోత పెట్టి కంప్రెషన్ పెంచాం, క్యామ్‌షాఫ్ట్ మార్చాం, ఫ్లైవీల్ బరువు తగ్గించాం. 5500 చుట్ల దగ్గర తృప్తిపడే ఇంజిను 7500 దాకా అరిచింది.

పవర్ పెంచడమే కష్టమని అందరూ అనుకుంటారు. అది వారం రోజుల పని. 7500 అంటే పిస్టను సెకనుకి 125 సార్లు పైకి వెళ్లి, ఆగి, కిందికి రావాలి. వేగం పెరిగింది 36 శాతమే, కానీ పిస్టను కనెక్టింగ్ రాడ్డుని లాగే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 86 శాతం పెరిగింది. ఆ లాగుడంతా కాసేది రాడ్డు అడుగున ఉన్న రెండు చిన్న బోల్టులు. వాటిని కొత్తవి వేశాం. అక్కడిదాకా బాగానే ఉంది.

మేం వదిలేసింది ఆయిలు. బస్సు మలుపు తిరుగుతుంటే ఒళ్లో ఉన్న క్యానులో పాలు ఒక పక్కకి ఎగబాకడం చూశారు కదా, సంపులో ఆయిలూ అంతే. పొడుగాటి మలుపులో ఆయిలు ఒక మూలకి పోతుంది, పీల్చే గొట్టం గాలి పీలుస్తుంది. బేరింగునీ క్రాంకునీ వేరుగా ఉంచేది వెంట్రుకలో పదో వంతు కూడా లేని ఆయిలు పొర. అది ఒక్క క్షణం లేకపోతే చాలు, ఇనుము ఇనుముని తాకుతుంది.

మద్రాసు దగ్గర ఇరుంగట్టుకోటై ట్రాక్ మీద శనివారం ప్రాక్టీసు. బండి నడిపేది మా షెడ్డు కుర్రాడే, ఇరవై రెండేళ్లు. దిగి వచ్చి, "అన్నా, ఆ పెద్ద మలుపులో ఆయిల్ ముల్లు సున్నాకి పడిపోయి మళ్లీ లేస్తోంది" అన్నాడు. "గేజి పాతదిరా, పట్టించుకోకు" అన్నాను.

గేజి పాతది కాదు. అది నేనే బిగించాను. సంపు దింపి, లోపల అడ్డు రేకులు వెల్డింగు చేయడానికి ఒక రాత్రి పట్టేది. కానీ ఇంజిను రెడీ అని అప్పటికే ఓనరుకి ఫోను చేసి చెప్పేశాను.

ఆదివారం నాలుగో ల్యాపులో రాడ్డు విరిగి, బ్లాకు పగలగొట్టుకుని బయటికొచ్చింది. ఆయిలు ముందు టైర్ల కింద పడింది. కారు జారి టైర్ల గోడకి కొట్టుకుంది. వాడికి మెడ దగ్గర ఎముక, తొడ ఎముక విరిగాయి. నాలుగో రోజు ఆస్పత్రిలో నిజం చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "నాకూ తెలుసన్నా. తెలిసే ఎక్కాను" అన్నాడు. మళ్లీ వాడు రేసు నడపలేదు.

ఆ మంచం పక్కన కూర్చుంటే గుర్తొచ్చింది మన సైన్సు మాస్టారు. పదో తరగతిలో లఘులోలకం ప్రయోగం చేయకుండానే, జవాబు 980 వచ్చేటట్టు రీడింగులు వెనక్కి లెక్కగట్టి రికార్డులో రాశాను. ఆయన కొట్టలేదు. దారం, గుండు చేతికిచ్చి సాయంత్రం దాకా ఊగులు లెక్కపెట్టించారు. 964 వచ్చింది. దాని కిందే సంతకం పెట్టారు. సార్, మీకు గుర్తుండకపోవచ్చు.

ఈమధ్య మన పిల్లలు డీజిల్ కార్లకి ఈసీయూ రీమ్యాప్ చేయించుకుని ఒక్క పూటలో పవర్ పెంచేస్తున్నారు. వద్దంటే వినరు, నేనూ వినలేదు. చేయిస్తే ఆయిలు కంపెనీ చెప్పిన దూరంలో సగానికే మార్పించండి. పాత ఫిల్టరు పారేయకుండా కోయించి, మడతల్లో లోహపు మెరుపులున్నాయేమో చూడండి. ఆయిల్ ప్రెషరు, వేడి ఒక పుస్తకంలో రాయమనండి. ఒకసారికి ఒకటే మార్చమనండి, నాలుగూ కలిపి మారిస్తే ఏది చెడగొట్టిందో ఎవడికీ తెలియదు.

ఇదిగో, ఆనాటి రాడ్డు ముక్క. ముప్పై ఏళ్లు నా బల్ల మీద ఉంది. సైన్సు ల్యాబుకి ఇచ్చేస్తున్నాను. హెడ్‌మాస్టారు గారికి ఒకటే విన్నపం, బీరువాలో పెట్టి తాళం వేయకండి, పిల్లలని పట్టుకుని చూడనివ్వండి. విరిగిన అంచులు ఆకురాయితో రుద్దే తెచ్చాను, చేతులు కోసుకోవు.