సమీక్ష నోటు మాత్రమే, ఆర్డరు కాదు

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమా సమీక్ష ప్రేక్షకుడి మనసును ఎలా మారుస్తుందో నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను విమర్శకుణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మీద నోటు పెట్టిన గుమాస్తాను. ఆ అనుభవంతోనే చెబుతాను.

మనం పెట్టే నోటుకు ఎంత బలముండేదో మీకు తెలుసు. అధికారి ఫైలు తెరిస్తే మొదట చదివేది నోటే. "పరిశీలించవచ్చు" అని రాస్తే ఒక దృష్టితో, "నిబంధనలు ఒప్పుకోవు" అని రాస్తే మరో దృష్టితో కింది కాగితాలు చూసేవారు. కాగితాలు మాత్రం అవే. సమీక్ష చేసే పని కూడా ఇదే.

మన ఉద్యోగాల రోజుల్లో హైదరాబాదులో విడుదలైన సినిమా కామారెడ్డికి వచ్చేసరికి చాలాసార్లు వారాలు పట్టేది. ఎల్లారెడ్డి వాళ్లకు ఇంకా ఆలస్యం. సినిమా కంటే ముందు పత్రికలో సమీక్ష, రేడియోలో పాటలు, ఊళ్లో టాక్ వచ్చేవి. బొమ్మ చూడకముందే సగం సినిమా మనసులో ఆడేది. ఎల్లారెడ్డి నుంచి కుటుంబంతో కామారెడ్డి పోయి చూసి రావాలంటే బస్సు ఛార్జీలు, టిక్కెట్లు, హోటలు ఖర్చు. నెలాఖరులో గుమాస్తాకు అది చిన్న లెక్క కాదు. అందుకే "ఎట్లుందట?" అని అడగనిదే ఎవరూ కదిలేవారు కాదు.

1980 ఫిబ్రవరి 2న విడుదలైన 'శంకరాభరణం' సంగతే తీసుకోండి. అందులో పేరున్న కథానాయకుడు లేడు. శంకరశాస్త్రి వేషం వేసిన జె.వి. సోమయాజులు గారు మనలాగే ప్రభుత్వోద్యోగి, రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. మొదటి రోజుల్లో హాళ్లు పలుచగా ఉండేవి. శాస్త్రీయ సంగీతం సినిమా మనకేం అర్థమవుతుందని జనానికి జంకు. చూసినవారి మాటలు, పత్రికల మెచ్చుకోలు ఆ జంకు తీర్చాయి. తర్వాత జరిగింది చరిత్ర. జాతీయ బహుమతులూ వచ్చాయి. సినిమాలో ఒక్క రీలు మారలేదు. జనం ఏమి ఆశించి హాలుకు వచ్చారన్నది మారింది.

అతిగా పొగిడినా నష్టమే. "ఇలాంటిది జన్మలో చూసి ఉండరు" అని చెప్పి పంపితే మంచి సినిమా కూడా "ఇంతేనా?" అనిపిస్తుంది. ఏమీ లేదని చెబితే మామూలు బొమ్మ కూడా "ఫర్వాలేదే" అనిపిస్తుంది.

ముళ్లపూడి వెంకటరమణ గారు సినిమాలకు రాయకముందు ఆంధ్రపత్రికలో సమీక్షలు రాశారు. కొడవటిగంటి కుటుంబరావు గారు సినిమా గురించి విస్తారంగా రాశారు. కారణం చెప్పి విమర్శిస్తే మనం ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. ఈనాడు ఉదయం ఆట ముగియకముందే ఫోనులో రేటింగు వస్తున్నది. రెండున్నర అంటే రెండున్నర. ఎందుకో, ఎవరికి నచ్చలేదో చాలామంది చదవరు. కారణం లేని నోటు పెడితే మన సూపరింటెండెంట్లు ఫైలు తిప్పి పంపేవారు కాదా?

విడుదలైన మొదటి మూడు రోజులు సమీక్షలు ఆపాలని తమిళ నిర్మాతలు 2024లో మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు వెంటనే నిషేధం విధించడానికి ఒప్పుకోలేదు. అదే న్యాయమని నా అభిప్రాయం. నోటు వద్దంటే ఆఫీసు నడవదు.

అయితే మన ఇళ్లలో ఒకటి జరుగుతున్నది. పిల్లలు రేటింగు చూసి, "తాతా, ఇది మీకు నచ్చదు" అంటారు. మనమూ సరేనని ఇంట్లో కూర్చుంటాం. చూడకముందే మన ఇష్టాయిష్టాలను మరొకరు తేల్చేస్తున్నారు. ఈ వయసులో ఇంటిల్లిపాది కలిసి కూర్చునే మూడు గంటలు ఎన్నిసార్లు దొరుకుతాయి?

కనుక సమీక్ష చదవండి. కథంతా చెప్పేసేదైతే చూసి వచ్చాక చదవండి. అందులో కారణం వెతకండి. పిల్లలతో పాటు మీరూ వెళ్లండి. నచ్చకపోతే ఇంటికొచ్చి వాదించుకోవచ్చు, అదీ ఒక సంతోషమే. నోటు ఎవరు పెట్టినా ఆర్డరు మీద సంతకం మీది.