విల్లుతో వేట: ములికిని ఎన్నుకొను విధము

బాణమునకు కాడ నిలుకడ నిచ్చును, ఈకలు దారి చూపును. కాని పని జరిగించునది ములికి. భారతము చదువుకొన్న మన ఇండ్లలో నారాచము, భల్లము, అర్ధచంద్రము, క్షురప్రము అను పేర్లు కొత్తవి కావు. నారాచము నిలువెల్ల ఇనుముతో చేసినది. క్షురప్రము మంగలికత్తివంటి అంచు గలది. పనిని బట్టి మొన మారవలెనని పూర్వు లెరిగియుండి రనుటకు ఆ పేర్లే సాక్ష్యము. ఆ ప్రశ్నయే నేడు ఉత్తర అమెరికాలో విల్లుతో జింకలను వేటాడువారి నడుమ కొత్త రూపమున వినవచ్చుచున్నది. కదలని బ్లేడులు గల ములికి మేలా, తగిలినంతనే విచ్చుకొను బ్లేడులు గల ములికి మేలా అని వారి వాదము. మొదటిదానిని స్థిర ములికి యనియు, రెండవదానిని విచ్చు ములికి యనియు మేము పిలిచెదము.

ముందుగా ఒక మాట. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. కనుక ఈ ప్రసంగము ఇచ్చటివారి నెవరిని వేటకు పురికొల్పుటకు కాదు. అమెరికాలో పరిస్థితి వేరు. అచట తెల్లతోక జింకలు అనేక ప్రాంతములలో మిక్కుటముగా పెరిగినవి. రాష్ట్ర ప్రభుత్వములే అనుమతిపత్రము లిచ్చి, ఋతువును నిర్ణయించి, వేటను నడుపుచున్నవి. విస్కాన్సిన్ రాష్ట్రము 1934లోనే విల్లు వేటకు ప్రత్యేకముగా ఋతువు నేర్పరచినది. ఆ దేశమున కాపురమున్న మనవారికి ఇది పొరుగింటి ముచ్చట.

తుపాకి గుండు దెబ్బ వేరు, బాణపు దెబ్బ వేరు. గుండు మహావేగముతో చొచ్చి చుట్టునున్న మాంసమును, ఎముకను ఛిద్రము చేయును. బాణమున కంత వేగము లేదు. అది కత్తివలె కోయును. రక్తనాళములు తెగి, రక్తము త్వరగా పోవుటచేత జంతువు కూలును. ఊపిరితిత్తులు రెంటిని చీల్చుకొని బాణము ఆవలి ప్రక్కకు వెడలినచో జింక కొన్ని క్షణములలోనే, నూరు గజములు దాటకుండగనే పడిపోవుట సాధారణము. కోత చాలకపోయినను, లోతు చాలకపోయినను అది పొదలలోబడి పారిపోవును. గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది బాధపడి చచ్చును. లేదా గాయముతో బ్రతుకును. వేటగానికి అది దొరకదు. ములికిని గూర్చిన వాదమంతయు ఈ ఒక్క భయము చుట్టు తిరుగుచున్నది.

స్థిర ములికి మిక్కిలి ప్రాచీనమైనది. యాహి తెగవాడైన ఇషీ 1911లో కాలిఫోర్నియా పట్టణవాసుల మధ్యకు వచ్చి, సాక్స్‌టన్ పోప్ అను వైద్యునికి విల్లువేట మెలకువలు నేర్పెను. అతడు నల్లని అగ్నిశిలతోను, సీసా గాజుతోను ములుకులను స్వయముగా చెక్కుకొనుచుండెను. 1956లో ఫ్రెడ్ బేర్ ‘రేజర్‌హెడ్’ అను ఉక్కు ములికిని విడుదల చేసెను. వీనిలో కదలు భాగము లేదు కనుక చెడునది తక్కువ. విల్లును విడుచునప్పటి రూపమే జింకను చేరునప్పటి రూపము.

అయినను దీనికొక చిక్కు గలదు. వెడల్పైన బ్లేడు బాణమునకు ముందుభాగమున రెక్కవలె పనిచేయును. విల్లు అమరిక ఏ కొంచెము సరిగా లేకున్నను, ఈకలు ఒక వైపునకు నడపజూచును, బ్లేడు మరొక వైపునకు లాగును. విల్లు వేగము హెచ్చినకొలది ఈ పెనుగులాట హెచ్చును. 1966లో హోలిస్ విల్బర్ ఆలెన్ కప్పీలు అమర్చిన కాంపౌండ్ విల్లునకు పేటెంటు కోరెను. 1969లో అది లభించినది. 2023లో జరిగిన హాంగ్జౌ ఆసియా క్రీడలలో మన విజయవాడ యువతి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణపతకములు గెలిచినది ఆ జాతి విల్లుతోనే. ఆటలో వాడు బాణమునకు బ్లేడులు లేవు. సన్నని మొన మాత్రమే. కనుక గురి చూచిన చోటికే పోవును. అదే విల్లునకు స్థిర ములికి గల బాణమును సంధించినచో, అమరిక కుదరనంతవరకు అది మరొకచోట నాటుకొనును.

ఈ చిక్కును తీర్చుటకే విచ్చు ములికి వచ్చినది. 1990 దశకమున బాగుగా ప్రచారము పొందినది. ఇందు బ్లేడులు నడిమి కడ్డీ నంటి ముడుచుకొని యుండును. రబ్బరు వలయమో, ప్లాస్టిక్ పట్టెయో వానిని పట్టియుంచును. చర్మమునకు తగిలిన ఒత్తిడితో ఆ పట్టు సడలి, అవి గొడుగు ఊచలవలె విచ్చుకొనును. గాలిలో నున్నంతసేపు సన్నని మొనవలె ప్రయాణము చేయును. జంతువును చేరినపిదప ఒకటిన్నర అంగుళము మొదలు రెండంగుళములు, అంతకు మించియు కోయును. స్థిర ములుకుల కోత సాధారణముగా ఒక అంగుళమునకును ఒకటింపాతికకును నడుమ నుండును.

ఇంత లాభము ఊరక వచ్చునా? రాదు. బ్లేడులు విచ్చుకొనుటకు కొంత బలము, వెడల్పుగా కోయుటకు మరికొంత బలము బాణమునుండియే పోవలెను. ఆ మేరకు లోతు తగ్గును. ఏటవాలుగా తగిలినప్పుడు కొన్ని రకములు ప్రక్కకు జారవచ్చును. పట్టె ముందుగనే సడలినచో బ్లేడు గాలిలోనే తెరచుకొని బాణము దారి తప్పును. గట్టి ఎముక తగిలిన సన్నని బ్లేడు వంగవచ్చును, విరుగవచ్చును.

ఇచట చిన్న లెక్క వేసి చూతము. 400 గ్రెయినుల బాణము, అనగా సుమారు 26 గ్రాములది, సెకండుకు 280 అడుగుల వేగముతో పోవునప్పుడు దాని శక్తి 70 అడుగు-పౌనులు. కప్పీలు లేని రికర్వ్ విల్లునుండి 450 గ్రెయినుల బాణము 200 అడుగుల వేగముతో వెడలినచో ఆ శక్తి 40 మాత్రమే. మొదటివాడు కొంత బలమును వెడల్పునకు వ్యయము చేసినను, బాణము ఆవలికి దాటుటకు మిగులును. రెండవవాడు అదే పని చేసినచో బాణము లోపలనే నిలిచిపోవచ్చును. రెండవ రంధ్రము లేనిచో నేలపై రక్తపు జాడ పలుచబడును. జాడ లేక జంతువు దొరకదు.

ఇక రెండవ లెక్క. ముప్పది గజములు, అనగా 90 అడుగుల దూరమున జింక నిలిచియున్నదనుకొనుడు. ధ్వని సెకండుకు సుమారు 1,100 అడుగులు పోవును. నారి మ్రోత సెకండులో పన్నెండవ వంతునకే దాని చెవికి చేరును. 280 అడుగుల వేగము గల బాణమునకు సెకండులో మూడవ వంతు పట్టును. నడుమ పావు సెకండు వ్యవధి గలదు. బెదరిన జింక గంతు వేయుటకై కాళ్లు ముడిచి క్రిందికి వాలుటకు ఆ పావు సెకండు చాలును. అనగా గురి తప్పనివాని బాణము కూడ తావు తప్పవచ్చును.

ఈ రెండు లెక్కలను కలిపి చూచినచో వాదము తేటపడును. వేటగాని బాణము రెండు విధముల విఫలము కావచ్చును: ఒకటి తావు తప్పుట, రెండు బలము చాలకపోవుట. విచ్చు ములికి మొదటి లోపమును కొంత కప్పిపుచ్చును. రెండంగుళముల కోత, అంగుళము కోతకు అందని రక్తనాళమును అందుకొనవచ్చును. స్థిర ములికి రెండవ లోపమును కొంత కప్పిపుచ్చును. ఉన్న బలమును వెడల్పుపై వెచ్చింపక లోతుపై నిలుపును. ఏది గొప్పదని కాక, తన విల్లునకును తాను వేటాడు జంతువునకును ఏ లోపము సమీపమున నున్నదని వేటగాడు ప్రశ్నించుకొనవలెను.

దీనికొక దాఖలా గలదు. మేరీలాండ్ రాష్ట్రమున ఇండియన్ హెడ్ వద్దనున్న నౌకాదళ స్థావరమున 1989 నుండి విల్లువేట దెబ్బలను లెక్క వ్రాసి యుంచిరి. 2008లో ప్రకటితమైన పరిశీలన ననుసరించి, దెబ్బతిన్న జింకలలో నూటికి 18 దొరకలేదు. పిదప ములుకుల వారీగా లెక్కింపగా, స్థిర ములికి తగిలినవానిలో నూటికి సుమారు 82, విచ్చు ములికి తగిలినవానిలో సుమారు 91 దొరికినట్లు తేలినది. ఇది విచ్చు ములికికి అనుకూలమైన సాక్ష్యమే. కాని అచట వేటాడినవారు ఆధునికమైన బలమైన విండ్లు పట్టినవారు; వేటాడబడినది తెల్లతోక జింక. బలహీనమైన వింటికిని, సుమారు 300 కిలోగ్రాములు తూగు మగ ఎల్క్‌నకును ఆ లెక్కను అన్వయింపరాదు.

కనుక అరువది, డెబ్బది పౌనుల కాంపౌండ్ విల్లు చేతనుండి, జింకను మాత్రమే వేటాడువాడు విచ్చు ములికిని నిస్సంకోచముగా తీసికొనవచ్చును. నలువది పౌనుల వింటివారు, రికర్వ్ విల్లువారు, ఇంకను బలము చాలని పిన్నవారు స్థిర ములికిని, అందును సన్నని రెండు బ్లేడుల దానిని ఎన్నుకొనుట క్షేమము. ఎల్క్, మూస్ వంటి పెద్ద జంతువులకు స్థిర ములికియే మేలని మా అభిప్రాయము. మరియు ఆ రాష్ట్రపు నియమావళిని ఏటేట చూచుకొనవలెను. ఐడహో, ఆరెగన్ రాష్ట్రములు పెద్ద జంతువుల వేటలో విచ్చు ములుకులను దీర్ఘకాలము నిషేధించియుండినవి.

ఏది ఎన్నుకొన్నను కొన్ని పనులు తప్పవు. స్థిర ములికివాడు ఋతువునకు ముందే ములికి గల బాణమును, మామూలు మొన బాణమును ఒకే గురికి వేసి, రెండును ఒకచోట నాటుకొను వరకు విల్లును సవరింపవలెను. విచ్చు ములికివాడు వలయమును, పట్టెను ఏటేట మార్చవలెను. పాతబడిన రబ్బరును నమ్మరాదు. ఇసుక సంచిపై అభ్యాసము చేసిన బ్లేడును అదే అంచుతో వేటకు కొనిపోరాదు. మొద్దు అంచు నాళమును కోయదు, ప్రక్కకు త్రోయును. జింక ప్రక్కవాటుగా, లేదా కొంచెము అవతలికి తిరిగి నిలిచినప్పుడే బాణము విడువవలెను. తగిలినపిదప అరగంట ఓపిక పట్టి జాడ వెదుకవలెను. కడుపులో తగిలినదని తోచినచో అనేక గంటలు ఆగవలెను. వెంటనే తరిమినచో అది మరింత దూరము పోయి పడును.

అంగడిలో అమ్మువాడు ములికి వెడల్పును చూపును, వెలను చెప్పును. వేటగాని విల్లెంత బలమైనదో, అతని చేయి ముప్పది గజముల దూరమున ఎంత నిలుచునో అతడెరుగడు. అది తానే పరీక్షించుకొని తెలిసికొనవలెను. ఇరువది గజములకు మించి చేయి నిలువనివాడు ఇరువది గజముల లోపల జింక వచ్చువరకు వేచియుండవలెను. రాకున్నచో ఆనాటికి బాణమును పొదిలోనే యుంచి ఇంటికి మరలవలెను. ఆ నిగ్రహము లేనివాని చేతిలో ఏ ములికియు మంచిది కాదు.